కొత్త చీర కంటే ముందు సరిపోయే జాకెట్టు: తక్కువ ఖర్చుతో బీరువాను కొత్తగా చేసుకునే పద్ధతి

బీరువా నిండా చీరలు ఉన్నా, రేపు ఆఫీసుకో, బంధువుల ఇంట్లో సీమంతానికో ఏం కట్టుకోవాలో తోచకపోవడం మన ఇళ్ళలో చాలామంది స్త్రీలకు అనుభవమే. అప్పుడు వెంటనే మనసు కొత్త చీర మీదికి పోతుంది. అయితే పక్కన పడి ఉన్న చీరలను ఒక్కొక్కటిగా తీసి, దీన్ని ఎందుకు కట్టుకోవడం లేదని ఆలోచిస్తే, చాలాసార్లు లోటు చీరలో కాక జాకెట్టులో కనిపిస్తుంది. అది బిగుతైపోయి ఉంటుంది, చంకల కింద రంగు వెలిసి ఉంటుంది, లేదా అసలు కుట్టించనే ఉండరు. అందుకే తక్కువ డబ్బుతో దుస్తులను కొత్తగా చేసుకోవాలనుకునేవారు మొదట ఖర్చు పెట్టవలసింది కుట్టుకూలి మీద, తరువాత లంగాలు, లైనింగులు, గాజుల వంటి జతల మీద, చివరగా కొత్త బట్ట మీద అని నా గట్టి అభిప్రాయం. చేతిలో 5,000 రూపాయలు ఉన్నాయనుకుంటే సగం టైలరుకు, నాలుగో వంతు జతలకు, మిగిలినది ఒక సాదా నేత చీరకో, ఒకటి రెండు డ్రెస్సు టాపుల బట్టకో కేటాయించుకోవచ్చు.

ముందు అన్నీ బయటకు తీయాలి

ఈ పనిని పగటిపూట, వెలుతురు బాగా పడే గదిలో పెట్టుకోవాలి. ట్యూబులైటు కింద నలుపులా కనిపించేది ఎండలో ముదురు నీలమో, నేరేడుపండు రంగో అయి ఉంటుంది కాబట్టి, రాత్రిపూట కూర్చుని జతలు కలిపితే మళ్ళీ మొదటికి వస్తుంది. మంచం మీద పాత దుప్పటి పరచి, చీర, దాని జాకెట్టు, దాని లంగా మూడింటినీ ఒకచోట చేర్చాలి. జాకెట్టును చేత్తో పట్టుకుని చూసి సరిపోతుందిలే అనుకోకూడదు. తొడుక్కుని, హుక్సులన్నీ పెట్టుకుని, చేతులు పైకెత్తి, బస్సులో కడ్డీ పట్టుకున్నట్లు నిలబడి చూడాలి. అలా చేసినప్పుడు చంక దగ్గర లాగితే, ఆ జాకెట్టు ఉన్న చీర ఇక బయటకు రాదని అర్థం.

పక్కన ఒక కాగితం పెట్టుకుని లోటు ఏమిటో చీర పేరుతో సహా రాసుకోవాలి. "ఆకుపచ్చ నారాయణపేట: జాకెట్టు ఒక అంగుళం వదులు చేయించాలి", "గంధం రంగు మంగళగిరి: ఫాల్ ఊడింది", "వంగపండు రంగు షిఫాన్: లంగా వేరే రంగు, బయటకు కనిపిస్తోంది" అన్నంత స్పష్టంగా రాస్తే, బజారుకు వెళ్ళినప్పుడు ఆ కాగితమే కొనుగోళ్ళ పట్టిక అవుతుంది. ఈ పట్టికలో లేని వస్తువు ఎంత చవకగా కనిపించినా ఆ రోజుకు కొనకుండా రావడం మంచిది.

పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పెట్టిన పెట్టుబడి చీరలు చాలా ఇళ్ళలో కవరు కూడా విప్పకుండా ఉంటాయి. వాటిలో రంగు నచ్చినవి, ఒంటికి హాయిగా ఉండేవి మాత్రం ఉంచుకుని, మిగిలినవి కట్టుకునేవారికి ఇప్పుడే ఇచ్చేయడం మేలు. సంవత్సరాల తరబడి ఒకే మడతలో ఉన్న చీర ఆ మడత గీత వెంబడే చిరుగుతుంది. అప్పుడు అది మనకూ పనికిరాదు, తీసుకున్నవారికీ పనికిరాదు. ఇచ్చేటప్పుడు ఫాల్ కుట్టించి, జాకెట్టు ముక్కతో కలిపి ఇస్తే తీసుకున్నవారు మరునాడే కట్టుకోగలుగుతారు.

జాకెట్టు దగ్గరే అసలు పని

బిగుతైన జాకెట్టును పారేసే ముందు దాన్ని తిరగేసి పక్క కుట్టును చూడాలి. మంచి టైలరు ఎప్పుడూ పక్కల్లో అంగుళమో, అంగుళమున్నరో బట్ట వదిలి, సమాంతరంగా రెండు మూడు కుట్లు వేస్తారు. లోపలి కుట్టు ఒకటి విప్పితే ఒక్కో పక్క కొంచెం కొంచెంగా వదులవుతుంది. చిన్న కత్తెర, సూది ఉంటే ఇంట్లోనే విప్పుకోవచ్చు. నాలుగైదు కుట్లకొకసారి దారం తెంపి, రెండోవైపు నుంచి లాగితే బట్ట చిరగకుండా దారం మొత్తం వచ్చేస్తుంది. విప్పిన చోట పాత కుట్టు గీత కనిపిస్తే, తడి గుడ్డ పరచి దాని మీద ఇస్త్రీ చేస్తే చాలావరకు పోతుంది. చంకలో మాత్రం పక్క కుట్టుతో పాటు చేతి కుట్టును కూడా కొంత విప్పాలి. లేకపోతే ఛాతీ దగ్గర వదులై, చేయి మాత్రం బిగుతుగానే ఉండిపోతుంది.

లోపల బట్ట వదలకుండా కుట్టిన జాకెట్టు అయితే, చంక కింద నుంచి నడుము వరకు రెండు వైపులా ఒక పట్టీ వేయించవచ్చు. చేయి కింద ఉండేది కాబట్టి ఎవరికీ కనిపించదు; అయినా అదే బట్ట దొరకనప్పుడు చీర అంచు రంగు బట్ట వేయిస్తే కావాలని పెట్టించుకున్నట్లు ఉంటుంది. మరో మార్గం చేతులు మార్చడం. చంకల దగ్గర వెలిసిపోయి, మిగతా భాగం బాగున్న సాదా జాకెట్టుకు పాత చేతులు తీయించి, కలంకారీ చేతులో ఇక్కత్ చేతులో పెట్టించి, వెలిసిన చోటు మేరకు అదే బట్టను చంక కిందికి దించితే, కొత్త జాకెట్టు కుట్టుకూలి కంటే తక్కువలో పని పూర్తవుతుంది.

కొత్తగా కుట్టించేటప్పుడు ప్రతి చీరకూ ఒక జాకెట్టు అన్న అలవాటును వదిలిపెట్టాలి. నాలుగు జాకెట్లు బాగా కుదిరితే పదిహేను చీరలకు సరిపోతాయి. నా లెక్కలో మొదటిది బంగారు రంగు లేదా ఆవపిండి రంగు. జరీ అంచు ఉన్న దాదాపు ఏ చీర మీదికైనా ఇది వస్తుంది. రెండోది మెరూన్. పసుపు, గంధం, చిలకాకుపచ్చ, బూడిద రంగు చీరలన్నింటికీ ఇది కుదురుతుంది. మూడోది పెడన వైపు అచ్చు కలంకారీ. ఇందులో ఎరుపు, నలుపు, నీలం, పసుపు రంగులు కలిసి ఉంటాయి కాబట్టి సాదా నూలు చీర ఏ రంగుదైనా దాని పక్కన ఇముడుతుంది. నాలుగోది నలుపు లేదా ముదురు నీలం ఇక్కత్. శుభకార్యాలకు నలుపు వద్దనుకునే ఇళ్ళలో ముదురు నీలం తీసుకుంటే రెండు విధాలా వాడుకోవచ్చు. పూల చీరల మీద పూల జాకెట్టు, గళ్ళ చీరల మీద గళ్ళ జాకెట్టు వేయకుండా, ఒకటి సాదాగా ఉంటే రెండోది అచ్చు ఉన్నదిగా చూసుకుంటే చాలు.

బట్ట విషయానికి వస్తే, సాధారణ కొలతలవారికి 80 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు పడుతుంది. రోజువారీ వాడుకకు టూ బై టూ రుబియా నూలు బట్టను మించినది లేదు. చెమట పీలుస్తుంది, రంగులు వందల్లో ఉంటాయి, ఏ ఊరి మ్యాచింగ్ సెంటర్లోనైనా దొరుకుతుంది. కట్‌పీసుల దుకాణాల్లో తానుల చివర మిగిలిన ముక్కలు ఇంకా చవకగా దొరుకుతాయి, అయితే అక్కడ ముక్కను విప్పించి, పొడవు కొలిపించి, వెలుతురుకు పట్టి చూసి తీసుకోవాలి. వరలక్ష్మీ వ్రతాలకు, పేరంటాలకు వెళ్ళినప్పుడు వచ్చిన జాకెట్టు ముక్కలు ఇంట్లో మూటగా ఉంటే వాటినీ ఒకసారి కొలవండి. కొన్ని జాకెట్టుకు చాలనంత పొట్టిగా ఉంటాయి. అవి చేతులకు, పట్టీలకు, చిన్న సంచులకు పనికివస్తాయి. పొడవు చాలినవాటిలో నూలువి ఏరి పక్కన పెట్టుకుంటే, కొత్త బట్ట కొనవలసిన అవసరమే చాలావరకు తగ్గిపోతుంది.

చాలామంది పట్టించుకోని విషయం లైనింగ్. కొత్త నూలు లైనింగును అలాగే కుట్టిస్తే మొదటి ఉతుకులో అది కుదించుకుపోతుంది. పై బట్ట మాత్రం అలాగే ఉంటుంది. ఫలితంగా జాకెట్టు లోపలికి లాగినట్లై, వీపు మీద ముడతలు పడి, హుక్సుల దగ్గర నోరు తెరుచుకుంటుంది. దాన్ని ఇక ఏ టైలరూ సరిచేయలేరు. కాబట్టి లైనింగును తప్పనిసరిగా, నూలు జాకెట్టు బట్టను కూడా, రాత్రంతా విడివిడిగా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరవేసి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి. టైలరు తామే తడుపుతామని చెప్పినా, మీరు తడిపి ఇవ్వడమే భద్రం.

టైలరు దగ్గరికి కొలతల కోసం ఒక ఆది జాకెట్టు తీసుకువెళ్ళాలి. అది మీ దగ్గర ఉన్నవాటిలో బాగా కుదిరినదై ఉండాలి కానీ, పాతబడి సాగినది కాకూడదు. దాన్ని రోజూ తొడగకుండా ఆది కోసమే ఉంచుకుంటే, ఊరు మారినా, టైలరు మారినా ఇబ్బంది ఉండదు. కొత్త టైలరుకు మొదటే ఖరీదైన బట్ట ఇవ్వకుండా ఒక సాదా రుబియా జాకెట్టు కుట్టించి చూడాలి. పక్కల్లో రెండు అంగుళాలు వదలమని నోటితో చెప్పడమే కాక, రసీదు మీద రాయించుకోవాలి. శ్రావణ మాసం, దసరా, సంక్రాంతి ముందు టైలర్ల దగ్గర పని కొండలా పేరుకుపోతుంది. ఆ హడావిడిలో కుట్టినవాటికి మెడ పట్టీలు సరిగా కూర్చోవు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో ఇస్తే తీరికగా, శ్రద్ధగా కుడతారు.

విదేశాల్లో ఉండే తెలుగువారికి ఈ విషయం మరింత ముఖ్యం. అక్కడ జాకెట్టు వదులు చేయించడానికి చాలాచోట్ల టైలరే దొరకరు, దొరికినా కూలి జాకెట్టు ధరను మించిపోతుంది. ఇక్కడినుంచి కుట్టించుకుని వెళ్ళేటప్పుడు పక్కల్లో బట్ట ఎక్కువ వదిలించి, అదే రంగు దారపు ఉండ ఒకటి, హుక్సుల అట్ట ఒకటి వెంట ఉంచుకోవడం మంచిది. ఎవరైనా కొనుక్కోగల మరో మార్గం సాగే నూలు రెడీమేడ్ జాకెట్లు. కొంచెం ఒళ్ళు పెరిగినా తగ్గినా ఇవి సర్దుకుంటాయి, లైనింగ్ అవసరం ఉండదు. పట్టుచీరల మీదికి ఇవి అంత నిండుగా ఉండవు కానీ, ఆఫీసుకు కట్టే నూలు, షిఫాన్ చీరల మీదికి ఎంతో హాయి.

పాత పట్టుచీరను కత్తెరకు ఇచ్చే ముందు

అమ్మ, అమ్మమ్మల పట్టుచీరలతో లంగా ఓణీలు, పొడవాటి గౌన్లు కుట్టించడం ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ ఉంది. ఐదున్నర మీటర్ల చీరలో పెద్దవారికి ఒక గౌను వస్తుంది, లేదా చిన్నపిల్లకు పట్టులంగా, తల్లికి జాకెట్టు, ఇంకా ఒక చేతి సంచి కూడా రావచ్చు. అయితే ముందుగా బట్టలో సత్తువ ఉందో లేదో తెలుసుకోవాలి. చీరను కిటికీకి ఎదురుగా పట్టుకుని, పాత మడతల వెంట చూడాలి. అక్కడ దారాలు విడిపోయి వెలుతురు గీతల్లా కనిపిస్తే, లేదా రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగినప్పుడు చిటుక్కుమని శబ్దం వస్తే, ఆ భాగం కుట్టు సూదికి ఆగదు. అటువంటి చీరలో కూడా కొంగు, అంచు గట్టిగా ఉండవచ్చు. అప్పుడు అంచును మాత్రం కత్తిరించి సాదా నూలు దుపట్టాకో, కొత్త సాదా చీరకో వేయించుకోవాలి. ఫాల్ కుట్టే చోటనే ఈ అంచు మార్చే పని కూడా చాలామంది చేస్తారు.

పాత పట్టుచీరలు కొంటామంటూ వీధుల్లోకి వచ్చేవారు చీర మీది ప్రేమతో రారు. ఆ రోజుల్లో నేసిన అసలు జరీలో వెండి ఉంటుంది, వారికి కావలసింది అదే. అసలు జరీ అవునో కాదో తెలియకుండా, అడిగిన ధరకు ఇవ్వవద్దు. ఇక గద్వాల చీర అయితే కత్తిరించే ముందు రెండుసార్లు ఆలోచించమని మనవి చేస్తున్నాను. నూలు నేత ఒంటికి పట్టు అంచును, పట్టు కొంగును మగ్గం మీదనే దారం దారంగా కలిపి నేసే కుప్పడం పని అది. దాన్ని గౌనుగా మార్చితే అందులోని పనితనం కుట్లలో కలిసిపోతుంది. డ్రై వాష్ చేయించి, ముడతలు పోయేలా రోలర్ల మధ్య నడిపే రోలింగ్ వేయించి, కొంగుకు కుచ్చులు కట్టించి, కొత్త జాకెట్టు వేసుకుంటే ఆ చీర చీరగానే మళ్ళీ తిరుగుతుంది.

కొత్తది కొనవలసి వస్తే

పట్టికలోని లోట్లన్నీ తీరాక కూడా ఖాళీ కనిపిస్తే, అప్పుడు సాదా నేతలవైపు చూడాలి. తక్కువ ధరలో ఎక్కువగా ఉపయోగపడే చీరగా నేను మంగళగిరి నూలు చీరకే ఓటు వేస్తాను. గుంట మగ్గాల మీద నేసే ఈ చీరకు ఒళ్ళంతా సాదాగా ఉండి, అంచుకు మాత్రం నిజాం జరీ పని ఉంటుంది. అందువల్ల పైన చెప్పిన నాలుగు జాకెట్లలో ఏదో ఒకటి తప్పక కుదురుతుంది, ఆఫీసుకూ గుడికీ రెండింటికీ బాగుంటుంది. ఇదే బట్ట మీటర్ల లెక్కన కూడా దొరుకుతుంది కాబట్టి డ్రెస్సులు కుట్టించుకునేవారికి ఇంకా సౌకర్యం. గళ్ళు, ఎదురు రంగు అంచు ఇష్టపడేవారికి నారాయణపేట, మెత్తదనం కోరేవారికి సన్న నూలు వెంకటగిరి మంచి ఎంపికలు. వేసవికి వెంకటగిరి అంత తేలికైన చీర మరొకటి ఉండదేమో. ఉప్పాడ జాందానీ మాత్రం ఈ బడ్జెట్టులో ఇమడదు. దాన్ని వేరే సందర్భానికి ఉంచుకోవాలి.

ధర విషయంలో కాలం చాలా పనిచేస్తుంది. ఆషాఢంలో దుకాణాలు పాత సరుకును తగ్గింపులో అమ్ముతాయి, శ్రావణం రాగానే అవే చీరలు పూర్తి ధరకు వెళ్ళిపోతాయి. 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజులకు అటూ ఇటూగా చేనేత ప్రదర్శనలు, ఆప్కో (ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంఘం), తెలంగాణ చేనేత సహకార సంఘం దుకాణాల్లో రిబేట్లు ఉన్నాయేమో విచారించాలి. ఖాదీ భండారుల్లో గాంధీ జయంతి నాటికి రిబేటు ఇస్తారు. మగవారి చొక్కా బట్టకు, పంచెకు ఆ సమయం అనుకూలం. పొందూరు ఖాదీ చొక్కా ఒకటి ఉంటే పెళ్ళికీ, ఆఫీసుకూ, పండక్కీ సరిపోతుందని మగవారికి ప్రత్యేకంగా చెప్పాలి. మర మగ్గపు నూలు బట్టలు, లంగాలు, నైటీలు, పిల్లల దుస్తులు ఎక్కువ మొత్తంలో కావలసినవారు చీరాల, రాజమహేంద్రవరం తాడితోట వంటి బట్టల మార్కెట్లకు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి పంచుకోవడం లాభం. హైదరాబాదు, సికింద్రాబాదువారికి సుల్తాన్ బజారు, జనరల్ బజారు దగ్గర మ్యాచింగ్ బట్టలు, లేసులు, బటన్లు అన్నీ నడక దూరంలో దొరుకుతాయి.

దుకాణంలో తెలివిగా ఎంచుకోవడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. ఇక్కత్ అసలుదైతే దారానికే ముందుగా రంగు వేసి నేస్తారు కాబట్టి బట్టకు రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంతో ఉంటుంది, డిజైను అంచులు కొద్దిగా చెదిరినట్లు ఉంటాయి. అచ్చు వేసిన నకిలీ అయితే వెనకవైపు వెలవెలబోతుంది, గీతలు గీసినంత సూటిగా ఉంటాయి. నూలు అని చెప్పిన బట్టలో కృత్రిమ దారం కలిసి ఉందేమోనని అనుమానం వస్తే, అంచు నుంచి ఒక దారం తీసి వెలిగించి చూడవచ్చు. నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన వస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. చేతి రుమాలును కొంచెం తడిపి చీర మూల మీద రుద్దితే రంగు వదులుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. పట్టుకు 2004లో మొదలైన సిల్క్ మార్కు, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఉన్నాయేమో అడగాలి. చీరను విప్పించి పొడవు చూడడం, జాకెట్టు ముక్క కలిసి ఉందో లేదో అడగడం మరవకూడదు. కొన్ని నేత చీరలకు జాకెట్టు ముక్క ఉండదు, ఆ ఖర్చు విడిగా పడుతుంది.

డ్రెస్సుల సంగతి

రోజూ డ్రెస్సులు వేసుకునేవారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. సాదా మంగళగిరి బట్టతో మూడు టాపులు, వాటన్నింటి మీదా వేసుకోగల రెండు దుపట్టాలు, తెలుపు, నలుపు, గంధం రంగుల్లో మూడు నూలు ప్యాంట్లు ఉంటే రోజూ మార్చి మార్చి వేసుకోవడానికి ఎన్నో జతలు వస్తాయి. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట అయితే మోకాళ్ళ కిందికి వచ్చే టాపుకు రెండున్నర మీటర్లు సరిపోతుంది, కుచ్చులు ఎక్కువ కావాలంటే ఇంకా తీసుకోవాలి. ఇక్కడ కూడా తడిపి కుట్టించడం తప్పనిసరి.

రంగు వెలిసిన నూలు టాపులకు, దుపట్టాలకు రంగు వేయించుకోవడం చాలా చవకైన పద్ధతి. లేత రంగు నుంచి ముదురు రంగుకు మాత్రమే వెళ్ళగలం. అచ్చు ఉన్న బట్ట అయితే అచ్చు కొత్త రంగు కింద మసకగా నిలుస్తుంది, అది కొన్నిసార్లు ఎంతో అందంగా వస్తుంది. కుట్టు దారం పాలిస్టర్‌ది అయితే నూలుకు వేసే రంగు దానికి పట్టదు, కాబట్టి ముదురు నీలం చేసిన టాపు మీద పాత పసుపు కుట్లు బయటకు కనిపిస్తాయి. అందువల్ల దుపట్టాలు, చీరలు ముందు రంగు వేయించి, కుట్టిన టాపుల విషయంలో కుట్టు రంగును దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి.

గాజులు, నగలు, చెప్పులు, సంచులు

సాదా చీరకు నిండుదనం తెచ్చేవి ఇవే. మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి గిల్టు నగలకు మన రెండు రాష్ట్రాల్లోనే కాక బయట కూడా పేరుంది. అక్కడి ఒక పొడవాటి గొలుసు, ఒక జత బుట్టలు, రెండు జతల గాజులు ఉంటే పండగలన్నీ గడిచిపోతాయి. వన్ గ్రామ్ గోల్డ్ అని అమ్మేవాటి మీద ఉండేది బంగారపు పలుచని పూత మాత్రమే కాబట్టి, చెమట, సెంటు, సబ్బు తగిలితే ఆ పూత త్వరగా పోతుంది. పౌడరు, సెంటు అన్నీ అయ్యాక చివరగా పెట్టుకుని, ఇంటికి రాగానే మొదట తీసి, మెత్తని పొడి గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటి వేరు వేరు జిప్ కవర్లలో గాలి తీసి పెడితే ఎంతో కాలం మెరుస్తాయి. నూలు, ఖాదీ చీరల మీదికి బంగారు పూత కంటే నల్లబరచిన వెండి రంగు నగలు, ఏటికొప్పాక లక్క గాజులు ఎక్కువ నప్పుతాయి. హైదరాబాదు లాడ్ బజారు లక్క గాజులు పట్టుచీరలకు బాగుంటాయి. గాజులు కొనడానికి వెళ్ళేటప్పుడు చీర మొత్తం మోయనక్కరలేదు, ఫాల్ లోపలి మడతలోనుంచి తీసిన రెండు దారాలు కాగితానికి అంటించుకుని తీసుకువెళితే రంగు కలుస్తుంది.

చెప్పుల్లో ఒక జత తోలు రంగువి, ఒక జత బంగారు రంగువి చాలు. మడమ ఎత్తు మారితే చీర పొడవు మారుతుంది కనుక, ఏ చెప్పులతో కడతారో వాటిని వేసుకునే కుచ్చిళ్ళు పెట్టుకోవాలి. సంచికి లంబాడీ కుట్టుపని ఉన్నది ఒకటి తీసుకుంటే, అందులోని రంగుల వల్ల దేనికైనా కలిసిపోతుంది. మీ దగ్గర మిగిలిన కలంకారీ, ఇక్కత్ ముక్కలతో టైలరు చేత ఒక పొట్లి (మూతిని దారంతో బిగించే చిన్న చేతి సంచి) కుట్టించుకోవడం ఇంకా చవక.

లంగాను కూడా ఈ కోవలోనే చెప్పాలి. తెలుపు, గంధం, మెరూన్, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ నూలు లంగాలు ఐదు ఉంటే చాలా చీరలకు జత దొరుకుతుంది. పలుచని చీరకు లంగా రంగు చీర ఒంటి రంగుకు దగ్గరగా ఉండాలి, అంచు రంగుకు కాదు.

ఉతుకు, గంజి, మడత

కొత్త నూలు చీరను మొదటి రెండు మూడుసార్లు విడిగా, చల్లని నీళ్ళలో జాడించి, నీడలో ఆరవేయాలి. కలంకారీకి, పట్టు కలిసిన చీరలకు సబ్బు పొడి కంటే కుంకుడుకాయ రసం మేలు. కాయలు కొట్టి గింజలు తీసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పిసికి, నురుగును గుడ్డలో వడకట్టి వాడాలి. వడకట్టకపోతే పిప్పి మరకలు పడతాయి. గద్వాల వంటి చీరలు నీళ్ళలో పడితే నూలు ఒంటికీ పట్టు అంచుకూ ముడుచుకునే తీరు వేరు కాబట్టి, వాటిని డ్రై వాష్‌కే ఇవ్వాలి.

గంజి పెట్టేటప్పుడు అన్నం వార్చిన గంజిని పలుచగా చేసి, రెండుసార్లు వడకట్టి, చీర మొత్తం ఒకేసారి మునిగే వెడల్పాటి బకెట్టులో ముంచాలి. కొంచెం కొంచెంగా ముంచితే ఒకచోట అట్టలా, మరొకచోట మెత్తగా ఉంటుంది. చీర పూర్తిగా ఆరకముందే, ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే ఇద్దరు చెరొక చివర పట్టుకుని లాగి, అంచులు సరిచేసి మడిచి, బరువు కింద పెడితే సగం ఇస్త్రీ అయినట్లే. వానాకాలానికి ముందు లోపల పెట్టే చీరలకు మాత్రం గంజి ఉండకూడదు, ఆ గంజి కోసమే వెండి పురుగులు చేరి బట్టను కొరుకుతాయి.

జరీ చీరలను ప్లాస్టిక్ కవర్లలో కాక ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి, కలరా ఉండలను జరీకి తగలకుండా చిన్న మూటలో కట్టి అర మూలన ఉంచాలి. మూడు నెలలకొకసారి విప్పి, నీడలో గాలి పోసి, మడత గీతలు మారేటట్లు మళ్ళీ మడవాలి. ఆ పని చేసేటప్పుడే మొదట రాసుకున్న కాగితాన్ని తీసి, ఈ మూడు నెలల్లో ఏ చీర ఒక్కసారైనా బయటకు రాలేదో గుర్తు పెట్టుకుని, దాని జాకెట్టును మరోసారి తొడుక్కుని చూడాలి.